మడత, రింగు, గాలి: జాతర ఫ్లెక్సీల పని డైరీ

మొదటి రోజు

పొద్దున షాపు తెరవగానే మా వీధి జాతర కమిటీ పెద్దాయన వచ్చారు. మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకి వీధి మొగదలలో కట్టడానికి 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు స్వాగతం ఫ్లెక్సీ ఒకటి కావాలన్నారు. మజ్జిగ చలివేంద్రానికీ అంబలి పోసే చోటికీ కలిపి ఆరు బై నాలుగువి పన్నెండు. జాతర మొదలవుతోందని చాటే చాటింపు రోజుకి అన్నీ కట్టి ఉండాలి. చేతిలో పది రోజులున్నాయి. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, "పోయినేడు మాదిరి కాకుండా చూడు నాయనా" అన్నారు.

పోయినేడు జరిగింది నాకూ గుర్తే. జాతర మధ్యలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. పెద్ద ఫ్లెక్సీ పై కుడిమూల, తాడు కట్టడానికి కొట్టిన లోహపు రింగు ఊడింది. మూల ఊడగానే బరువంతా పక్క రింగు మీద పడింది, అది ఊడాక దాని పక్కది. పావుగంటలో సగం బట్ట కరెంటు తీగల మీదికి వాలింది. సప్లై ఆపించి తీయాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అమ్మవారి ముఖం ఉన్న బట్ట కాలవ గట్టున నలిగి పడి ఉండటం నా కళ్లతో చూశాను. దాన్ని మడతపెట్టి రింగులు కొట్టింది నేనే.

మా పనిలో అందరూ ప్రింటు గురించే మాట్లాడతారు. రంగు బాగా వచ్చిందా, ముఖం స్పష్టంగా ఉందా అంతే. చివర్లో అంచు మడిచి గమ్ పెట్టడం, రింగులు కొట్టడం మాత్రం కస్టమర్ బండి స్టార్ట్ చేసి నిలబడినప్పుడు పది నిమిషాల్లో ముగించే పని. ఈసారి ఫినిషింగ్ ఎలా చేయాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ప్రింటుకి వెళ్లాలని నిర్ణయించుకున్నాను. రోజూ చేసింది రోజూ రాస్తాను.

రెండో రోజు

పోయినేడు చిరిగిన మూలను పారేయలేదు. అటక మీద నుంచి తీసి టేబుల్ మీద పరిచి చూశాను.

రింగు రింగులాగే ఉంది. వంకరపోలేదు, పగల్లేదు. దాని చుట్టూ ఉన్న బట్టే వదిలేసింది. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ దారాల వలకి రెండు వైపులా పీవీసీ పూత. బలమంతా ఆ దారాలది, పూతది కాదు. పంచ్‌తో కన్నం కొట్టిన ప్రతిచోటా కొన్ని దారాలు తెగుతాయి. అందుకే అంచును రెండు పొరలుగా మడిచి ఆ రెండిటి మీదా రింగు కొడతాం. నేను అంగుళం మడత పెట్టాను. రింగు వాషరు వెడల్పే దాదాపు అంగుళం. కొట్టేటప్పుడు చేయి కొంచెం జరిగిన చోట రింగు సగం మడత మీద, సగం ఒంటి పొర మీద పడింది. పైగా మడతకి పెట్టిన గమ్ ఎండకి మెత్తబడి విడిపోయింది. అంటే గాలి వచ్చే సమయానికి ఆ మూలలో రింగును పట్టుకుని ఉన్నది ఒక్క పొరే.

గాలి ఎంత లాగుతుందో లెక్క కట్టాను. భవనాల మీద గాలి ఒత్తిడికి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఒక సూత్రం ఉంది. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6 తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకి 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 20 మీటర్లు. చదరపు మీటరుకి 240 న్యూటన్లు, అంటే సుమారు 24 కేజీలు. మన ఇరవై బై పది ఫ్లెక్సీ 18.6 చదరపు మీటర్లు. మొత్తం 450 కేజీల పైచిలుకు!

కాగితం మీద ఆ అంకె చూశాక కాసేపు కదల్లేకపోయాను. గాలి వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకి పడుతుంది, రెట్టింపైతే నాలుగింతలవుతుంది. చుట్టుకొలత 60 అడుగులు. మూడడుగులకి ఒక రింగు కొడితే 20 రింగులు, ఒక్కోదాని మీద 23 కేజీలు. రెండడుగులకి ఒకటైతే 30 రింగులు, 15 కేజీలు. అది కూడా అన్నీ సమానంగా పంచుకుంటేనే. కట్టేటప్పుడు ఒక రింగు బిగువుగా, పక్కది వదులుగా ఉంటే బిగువుగా ఉన్నదే ముందు పోతుంది.

మూడో రోజు

డిజైనర్ తమ్ముడితో కూర్చుని ఫైలు మార్చాం. ఇంతకుముందు బొమ్మను అంచు దాకా నింపేవాళ్లం. ఇప్పుడు నాలుగు వైపులా రెండేసి అంగుళాలు తెల్లగా వదిలాం, మడత గీత ఎక్కడో తెలిసేలా మూలల్లో సన్న గుర్తులు పెట్టాం. ఇంకు మీద గమ్ గానీ వేడి అతుకు గానీ తెల్ల పీవీసీ మీద పట్టినంత గట్టిగా పట్టదు. తెల్ల మార్జిన్ వదిలితే బొమ్మ చిన్నదైపోతుందని తమ్ముడు బాధపడ్డాడు. బొమ్మ కొలత తగ్గించలేదు, బట్టనే పెంచాం. పదడుగుల రోల్ అని మనం పిలిచేది నిజానికి 3.2 మీటర్లు, అంటే పదిన్నర అడుగులు. పది అడుగుల బొమ్మకి పైనా కిందా రెండేసి అంగుళాలు మడతకి పోయినా ఇంకో రెండు అంగుళాలు మిగులుతుంది. జాయింటు అక్కర్లేదు.

పెద్దదానికి 440 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 440 గ్రాములు తూగే ఫ్రంట్‌లిట్ (వెలుతురు ముందువైపు నుంచి పడే చోట వాడే బట్ట) తీసుకున్నాను, చిన్నవాటికి మామూలుగా వాడే పల్చటి రకమే. మార్జిన్‌తో కలిపి పెద్దది దాదాపు ఎనిమిదిన్నర కేజీలు తూగుతుంది. ఖర్చు పెరుగుతుందని కమిటీ పెద్దాయనకి ముందే చెప్పాను. పాత మూలను చూపించి ఎందుకో వివరించాక ఒప్పుకున్నారు.

సాయంత్రం ప్రింటు అయింది. సాల్వెంట్ ఇంకు చేతికి అంటకుండా ఆరినట్టే ఉంటుంది కానీ లోపల ద్రావకం ఇంకా ఉంటుంది, వాసన వస్తూనే ఉంటుంది. చుట్టిపెడితే ఆ ఆవిరి పోయే దారి లేక బట్ట మెత్తగానే ఉండిపోతుంది. అందుకే వెంటనే చుట్టకుండా పైపు మీద వదులుగా వేలాడదీసి ఫ్యాను పెట్టి వెళ్లాను. రేపు రాత్రి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని గోడ మీద రాశాను.

నాలుగో రోజు

ఈ డైరీలో ఎక్కువ రాయాల్సిన రోజు ఇదే.

పనికిరాని ప్రింటు ముక్కల్ని అడుగు వెడల్పు పట్టీలుగా కోసి నాలుగు రకాలుగా అంచులు మడిచాను. ఒకటి మేం రోజూ వాడే గమ్‌తో. రెండోది రెండు వైపులా అంటే టేపుతో. మూడోది కుట్టు. నాలుగోది హీట్ గన్‌తో. ఒక్కోదానికి మధ్యలో ఒక రింగు కొట్టి, డాబా మీద ఇనుప పైపుకి పట్టీ పైకొనను బిగించి, కింద రింగుకి తాడుతో 20 లీటర్ల వాటర్ క్యాను వేలాడదీశాను. లీటరు నీళ్లు కేజీ కాబట్టి వేరే తూకం అక్కర్లేదు. మే నెల ఎండలో రోజంతా అలాగే వదిలేశాను.

కుట్టు కోసం టైలరింగ్ చేసే మా అక్క సాయం పట్టింది. మామూలు మిషను పాదం పీవీసీకి అంటుకుని బట్ట ముందుకి జరగదు. అక్క పట్టీ కిందా పైనా పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేసింది. "కుట్టు చిన్నదిగా వేయకురా, తపాలా బిళ్ల అంచులా కన్నాలు పడి అక్కడే చిరుగుతుంది" అని తనే చెప్పి, కుట్టు పొడవు పెంచి రెండు వరసలు వేసింది. దారం కూడా పాలిస్టర్‌దే వాడింది. నూలు దారం ఎండకీ వానకీ పుచ్చిపోతుందట.

హీట్ గన్ నేనే పట్టుకున్నాను. మొదటి మూడు పట్టీలు పాడయ్యాయి. వేడి తక్కువైతే రెండు పొరలు అంటుకున్నట్టు కనిపిస్తాయి, చల్లారాక గోటితో లేపితే శుభ్రంగా విడిపోతాయి. ఎక్కువైతే పూత గోధుమ రంగుకి తిరిగి ఘాటైన పొగ వస్తుంది. మాడిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతు పట్టేస్తుంది. అందుకే ఈ పని తలుపులు తెరిచి, ఫ్యాను గాలి పొగని బయటికి తోసేలా పెట్టుకుని చేశాను. నాలుగో పట్టీకి చెయ్యి కుదిరింది. గన్ ముక్కుని మడత లోపలికి పెట్టి, పూత మెరుపు ఎక్కి తడిగా కనిపించగానే గన్ ముందుకి జరపాలి, వెనకాలే రబ్బరు రోలర్‌తో గట్టిగా నొక్కుకుంటూ రావాలి. గన్ నడిచే వేగం, రోలర్ నడిచే వేగం ఒకటై ఉండాలి. మా అమ్మ దోసె తిప్పేటప్పుడు పెనం చప్పుడు విని అట్లకాడ పెడుతుంది. ఇదీ అలాంటిదే, డయల్ మీద అంకె కంటే కన్ను ముఖ్యం.

అతుకు బాగుందో లేదో తెలియాలంటే ఒక పట్టీని బలి ఇవ్వాల్సిందే. చల్లారాక రెండు పొరల్నీ పట్టుకుని చించి చూడాలి. మంచి అతుకైతే అతుకు విడిపోదు, పూత ఊడొచ్చి లోపలి దారాలు తెల్లగా కనిపిస్తాయి.

ఐదో రోజు

టేపు పట్టీ నిన్న సాయంత్రానికే జారిపోయింది. గమ్ పట్టీ ఈ మధ్యాహ్నం అంచు దగ్గర నోరు తెరిచింది. క్యాను పడలేదు గానీ రింగు ఒక పక్కకి వాలింది. ఎండ వేడి ఒక కారణం. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా బయటికి ఊరి జిగురుని మెత్తబరుస్తుంది, అది రెండో కారణం. టేపు పెట్టినవి షాపులో ఉన్నంతసేపూ బాగుండి, పది రోజులకి బజారులో విడిపోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

కుట్టు, వేడి అతుకు రెండూ నిలిచాయి. రెండో క్యాను కూడా తగిలించాను, 40 కేజీలు. కుట్టు పట్టీలో రింగు చుట్టూ సూది కన్నాలు కొంచెం సాగాయి. వేడి అతుకు కదల్లేదు. పెద్దదానికి వేడి అతుకు, చిన్నవాటికి పీవీసీకని వచ్చే ద్రావకం గమ్ తెల్ల మార్జిన్ మీద పూసి, రాత్రంతా బరువు పెట్టి ఉంచడం అని తేల్చాను. చిన్నవి 2.2 చదరపు మీటర్లే, వాటికి అది చాలు.

ఆరో రోజు

పనేమీ చేయలేదు. కరెంటు కోత, పైగా పెళ్లి ఆర్డర్లు.

ఏడో రోజు

రింగుల రోజు. పెట్టెలో రెండు రకాలున్నాయి, ఇత్తడివి, ఇనుము మీద పూత వేసినవి. వాన పడితే ఇనుము రింగు నుంచి తుప్పు చార కిందికి కారుతుంది. అమ్మవారి బొమ్మ మీద ఆ చార పడటం నాకు ఇష్టం లేదు. అన్నింటికీ ఇత్తడివే.

ఇన్నాళ్లూ సుత్తితో కొట్టేవాళ్లం. డైని, అంటే రింగును ఒరిపే అచ్చుని, భూతద్దంతో చూస్తే అంచు ఒక పక్క అరిగి ఉంది. అరిగిన డైతో కొడితే రింగు గొట్టం సమంగా ఒరగదు, పూరేకుల్లా చీలి విచ్చుకుంటుంది. ఆ చీలిన కొసలు గాలికి బట్ట కదిలినప్పుడల్లా దారాల్ని కోస్తాయి. కొత్త డై, చేతితో నొక్కే ప్రెస్సు తెచ్చాను. షాపులో కుర్రాడికి మూడు సంగతులు చెప్పాను. కన్నం రింగు గొట్టం కంటే పిసరంత చిన్నగా ఉండాలి, గొట్టం బిగువుగా దూరాలి. నొక్కాక రింగును వేళ్లతో తిప్పి చూడాలి, తిరిగితే వదులుగా ఉన్నట్టు. వాషరు చుట్టూ బట్ట నలిగి తెల్లగీత పడితే మరీ ఎక్కువ నొక్కినట్టు, అక్కడ దారాలు సగం తెగిపోయి ఉంటాయి. వాడు మొదటి పది రింగులు పాత ముక్కల మీదే కొట్టి నాకు చూపించాడు. ఆ తర్వాత పన్నెండు చిన్న ఫ్లెక్సీలూ వాడి చేతి మీదే అయ్యాయి, ఒక్కోదానికి పది రింగులు. అన్నింటినీ తిప్పి చూశాను. నాలుగు తిరిగాయి, ఆ నాలుగూ ఊడదీసి మళ్లీ వేశాడు.

ఎనిమిదో రోజు

పెద్దది. నేలంతా కడిగి, ఆరాక పాత ఫ్లెక్సీ పరిచి, దాని మీద దీన్ని బోర్లా వేశాం. చిన్న ఇసుక రేణువు ఉన్నా వేడికి మెత్తబడిన పూతలో దిగిపోతుంది.

పై అంచులోనూ రెండు పక్కలా మడత లోపల ఆరు మిల్లీమీటర్ల తాడు పెట్టి మూసేశాం. తాడు మడత గీతకి ఆనుకుని ఉంటుంది, రింగు దానికి లోపలి వైపున పడుతుంది. గాలి లాగినప్పుడు రింగు బట్టని చించుకుని బయటికి రావాలంటే ముందు ఆ తాడును దాటాలి. బరువు ఒక్క కన్నం మీద ఆగకుండా తాడు వెంట అటూ ఇటూ పాకుతుంది. ఈ పద్ధతి ఫ్లెక్సీలు కట్టే మామ చెప్పాడు. లారీ టార్పాలిన్ల అంచుల్లో తాడు ఎందుకు ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ ఎప్పుడూ ఆలోచించలేదు.

మూలల దగ్గర మడత మీద మడత పడి నాలుగు పొరలవుతుంది, వేడి లోపలికి పోదు. లోపలి పొరలో ఒక త్రికోణం కోసి తీసేశాను. తర్వాత మూలకి వెనకవైపు ఆరంగుళాల 440 జీఎస్ఎం ముక్క ఒకటి అతికాను. మూలలో రింగు ఒకటి, దానికి చెరోవైపు జానెడు దూరంలో ఇంకొకటి. మిగతా అంచంతా రెండడుగులకొకటి. మొత్తం 38 రింగులయ్యాయి.

60 అడుగుల అంచు అతకడానికి నాకూ కుర్రాడికీ కలిపి నాలుగు గంటలు పట్టింది. నడుం పట్టేసింది. కానీ చివర్లో రెండు చేతులతో మూల పట్టుకుని లాగి చూసినప్పుడు ఎక్కడా కదలిక లేదు.

తొమ్మిదో రోజు

కట్టే పని మామది. సరుగుడు కట్టెలతో చట్రం వేశాడు, కరెంటు తీగలకి దూరంగా, పోయినేటి చోటు నుంచి పది అడుగులు వెనక్కి. నేను బైండింగ్ వైరు తీసుకెళ్తే పక్కన పడేశాడు.

"వైరుతో ఒక్కోదాన్ని విడివిడిగా బిగిస్తే ఏది ఎంత బిగువో నీకు తెలియదు అబ్బాయా. ఒకే తాడు అన్ని రింగుల్లోంచీ చట్రానికి చుట్టుకుంటూ పోనీ. గాలి ఒక పక్క నెడితే తాడే జరిగి సర్దుకుంటుంది."

అలాగే కట్టాం. నేను బట్ట ముడతల్లేకుండా బిగించమన్నాను, ఫోటోలో బాగుంటుందని. మామ ఒప్పుకోలేదు. బట్టలారేసే తీగని బాగా బిగించి మధ్యలో తడి దుప్పటి వేస్తే రెండు కొసల మేకులూ ఊడతాయి, కాస్త వదులుగా ఉంటే అదే దుప్పటిని మోస్తుంది. బట్టకీ అంతే. గాలికి కొంచెం పొట్ట రావడానికి జాగా ఉంటే అంచు మీద లాగుడు తగ్గుతుంది. అలాగని మరీ వదిలేస్తే టపటపా కొట్టుకుని ఆ కుదుపులకే రింగులు పోతాయి. మామ అరచేతిని బట్ట మధ్యలో ఆనించి నెట్టి చూసి తాడు సరిచేశాడు.

కమిటీ పెద్దాయన వచ్చి గాలి పోవడానికి మధ్యలో అర్ధచంద్రాకారంగా కన్నాలు కోయమన్నారు. చాలామంది అడుగుతారు. వద్దని చెప్పాను. ఫ్లెక్సీ విస్తీర్ణం ముందు ఆ కన్నాలు ఎంత? వాటిగుండా పోయే గాలి చాలా తక్కువ, తెగే దారాలు మాత్రం చాలా. చిరుగు మొదలవడానికి మనమే చోటు చూపించినట్టవుతుంది. పెద్దాయన పట్టుబట్టలేదు.

చాటింపు తర్వాత మూడో రోజు

రోజూ పోతూ వస్తూ చూస్తున్నాను. ఈ సాయంత్రం ఐదున్నరకి కొండ వైపు నల్లబడింది. ముందు దుమ్ము లేచింది, వెంటనే ఈదురుగాలి. వేషాలు వేసుకున్న పిల్లలు పందిళ్ల కిందికి పరిగెత్తారు. నేను షాపు వదిలేసి వీధి మొగదలకి పరిగెత్తాను.

ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. చట్రం కిర్రుమంది. తాడు రింగుల్లోంచి జరగడం కంటికి కనిపించింది, కుడివైపు వదులై ఎడమవైపు బిగిసింది, గాలి తిరగగానే మళ్లీ ఇటు వచ్చింది. మామ అప్పటికే అక్కడికి చేరి, చట్రం కాలు దగ్గర నిలబడి మనుషుల్ని దూరంగా పంపుతున్నాడు. ఇరవై నిమిషాలు గాలి, తర్వాత వాన. నేను నాలుగు మూలలూ మార్చి మార్చి చూస్తూ అలాగే తడిశాను.

పెద్దది నిలిచింది.

చిన్నవాటిలో ఒకటి పోయింది. చలివేంద్రం పిల్లలు దాన్ని చోటు మార్చి, దొరికిన ఇనుప తీగతో వాళ్లే కట్టుకున్నారట. రెండు రింగుల దగ్గర తీగ బట్టని కోసేసింది. చెప్పకపోవడం నా తప్పే. ఇకమీద ప్రతి ఫ్లెక్సీతో పాటు సరిపడా నైలాన్ తాడు చుట్ట కూడా కలిపే ఇస్తాను.

జాతర అయిపోయాక

ఈ రోజు విప్పాం. 38 రింగులూ ఒక్కొక్కటిగా తిప్పి చూశాను. రెండు కొంచెం వదులయ్యాయి, రెండూ కింది అంచువే. కింద తాడు పెట్టలేదు. వచ్చేసారి నాలుగు వైపులా పెట్టాలి. ఎడమ కింది మూలలో రెండు వేళ్ల మేర అతుకు లేచింది. లేపి చూస్తే లోపల ఇంకు కనిపించింది. బోర్లా వేసి మడిచినప్పుడు గుర్తు తప్పి బొమ్మ అంచు మడతలోకి వచ్చిందన్నమాట.

విప్పిన వెంటనే కొందరు మంట పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. షాపులో హీట్ గన్ కింద కాస్త మాడితేనే గొంతు పట్టేస్తుంది, బట్ట మొత్తం తగలబెడితే ఆ పొగ వీధంతా పీల్చాల్సి వస్తుంది. 2022 జులై 1 నుంచి వంద మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కంటే పల్చటి పీవీసీ బ్యానర్లను కేంద్రమే నిషేధించింది. ఆ ఏడాది ఆగస్టులో మన రాష్ట్రంలో ఫ్లెక్సీలనే ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు మా షాపుల్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. నాకూ ఉండింది. కానీ పది రోజులకి ఒకటి చొప్పున చింపి పారేసే సరుకు తయారు చేయడం నాకూ ఇష్టం లేదు. ఈ బొమ్మ మీద తేదీ వేయించలేదు, వచ్చే ఏడూ ఇదే కట్టొచ్చని పెద్దాయనతో ముందే మాట్లాడుకున్నాం. చిరిగిన చిన్నదాన్ని చంద్రగిరి దగ్గర ఉండే మా చిన్నాన్న గడ్డివామి మీద కప్పడానికి పట్టుకెళ్లాడు.

పెద్దదాన్ని తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, లేచిన మూలలో ఇంకు గీకి మళ్లీ అతికాను. మడత పెడితే ఆ గీతల దగ్గర ఇంకు పగులుతుంది, అందుకే బొమ్మ బయటికి వచ్చేలా పైపుకి చుట్టాను. చుట్ట మీద మార్కర్‌తో "కింది అంచుకి తాడు పెట్టాలి" అని రాసి అటక ఎక్కించాను.